పిక్క పట్టిన పేట

*నిలబడి నిలబడి కొందరివి, కూర్చుని కూర్చుని కొందరివి... అమీర్‌పేట చుట్టుపక్కల నొప్పి ఎరగని కాళ్లు తక్కువ. వాటిని పట్టే చేతులకు మాత్రం కొదవ లేదు. ఆ చేతులు చేయగలిగింది ఎంత? ఎక్కడ ఆగాలి?*

రాత్రి తొమ్మిది దాటాక అమీర్‌పేటలో బట్టల దుకాణాల షట్టర్లు ఒక్కొక్కటే దిగుతాయి. పొద్దుననగా కౌంటర్ వెనక నిలబడ్డ ఆడపిల్లలు అప్పుడు రోడ్డు మీదికొస్తారు. కొందరు మెట్రో మెట్ల వైపు, కొందరు మధురానగర్ సందుల్లోని హాస్టళ్ల వైపు. నడక చూస్తే తెలిసిపోతుంది, మడమ నేలకు పూర్తిగా ఆనించడం లేదని. అదే వేళకు కోచింగ్ సెంటర్లు వదులుతాయి. రోజంతా బెంచీకీ కంప్యూటర్‌కీ అతుక్కుపోయిన కుర్రాళ్లు నడుం మీద చేతులేసుకుని వెనక్కి విరుచుకుంటూ దిగుతారు. ఒకరి కాళ్లకు పొద్దుటి నుంచి విశ్రాంతి లేదు. ఇంకొకరి కాళ్లకు పొద్దుటి నుంచి పనే లేదు. నెల తిరిగేసరికి ఇద్దరూ తేలేది ఒకే గదిలో.

ఆ గదుల బోర్డులు మధురానగర్‌కు కొత్త కాదు. హాస్టల్ బోర్డు పక్కనే ఫిజియోథెరపీ, దాని పక్కన పంచకర్మ. కాస్త ముందుకెళ్తే పుత్తూరు కట్టు. మెయిన్ రోడ్డు మీదికొస్తే అద్దాల తలుపు మీద ఫుట్ స్పా. నలుగురూ చేతులతోనే పని చేస్తారు, నలుగురూ నొప్పి తగ్గుతుందనే చెబుతారు. చాలాసార్లు తగ్గుతుంది కూడా. ఎందుకు తగ్గిందన్న దగ్గరే చిక్కు. ‘ముడి విప్పాం’ అంటాడొకాయన. ‘విషాలు బయటికి పోయాయి’ అంటుంది ఇంకొకావిడ. ‘నరం మీద నరం ఎక్కింది, దింపాం’ అంటారు మరొకరు. ఒంట్లో నిజంగా జరిగేదానికీ ఈ మాటలకూ పొంతన లేదు. డబ్బు వృథా అయ్యేది అక్కడే, ఒక్కోసారి ప్రాణం మీదికొచ్చేదీ అక్కడే.

ఆటో దూరంలో మూడు విద్యలు

కాళ్ల వైద్యంలో ఈ ప్రాంతానికి మంచి చరిత్రే ఉంది. ఇప్పుడు నిమ్స్ అంటే గుండె, కిడ్నీ, క్యాన్సర్ అన్నీ గుర్తొస్తాయి గానీ, పంజాగుట్టలో అది పుట్టింది ఎముకల ఆసుపత్రిగా. నిజాం ధర్మనిధి పూనికతో వచ్చిన నిజామ్స్ ఆర్థోపెడిక్ హాస్పిటల్ 1964లో తలుపులు తెరిచింది. పల్లెల నుంచి వచ్చేవాళ్లు ఇలాంటి చోటును బొక్కల దవాఖానా అనేవారు. 1980లో అది నిమ్స్‌గా మారింది. అమెరికా నుంచి తిరిగొచ్చిన రేడియాలజిస్టు కాకర్ల సుబ్బారావు డైరెక్టర్‌గా దాన్ని ఎంత ఎత్తుకు తీసుకెళ్లారో పాత తరానికి గుర్తే. మూడు విద్యల్లో మొదటిదైన ఫిజియోథెరపీకి ఇప్పుడు అక్కడ డిగ్రీ కోర్సు కూడా నడుస్తోంది.

రెండోది ప్రకృతి వైద్యం. బల్కంపేట దారిలో ప్రభుత్వ ప్రకృతి చికిత్సాలయం, దాన్ని అంటిపెట్టుకుని గాంధీ ప్రకృతి వైద్య కళాశాల. కరోనా తొలి ఏడాది ఐసోలేషన్ కేంద్రంగా పేపర్లకెక్కింది గానీ, అంతకుముందూ ఆ తర్వాతా అక్కడ మట్టి పట్టీలు, తొట్టి స్నానాలు, మర్దనలే. ప్రకృతి వైద్యులు చేసే మర్దనలో నూనె మనదే గానీ పద్ధతి చాలావరకు పడమటిది. కార్న్‌ఫ్లేక్స్ పేరుతో ప్రపంచమంతా ఎరిగిన కెల్లాగ్ సోదరుల్లో పెద్దాయన, డాక్టర్ జాన్ హార్వీ కెల్లాగ్, 1895లోనే మర్దన మీద ఏకంగా ఒక పాఠ్యపుస్తకం రాశాడు. నిమరడం, పిసకడం, రుద్దడం, తట్టడం, అదరగొట్టడం అంటూ చేతి పనిని వరసలుగా విడగొట్టి నేర్పే పద్ధతి అప్పటినుంచీ అలాగే సాగుతోంది.

మూడో విద్య కావాలంటే ఎర్రగడ్డ వైపు వెళ్లాలి. డాక్టర్ బీఆర్‌కేఆర్ ప్రభుత్వ ఆయుర్వేద కళాశాల అక్కడే. కటిబస్తి ఎప్పుడైనా దగ్గర నుంచి చూశారా? మినపపిండిని గట్టిగా కలిపి, రోగిని బోర్లా పడుకోబెట్టి, నడుం మీద గుండ్రంగా గోడ కడతారు. లోపల గోరువెచ్చని తైలం పోస్తారు. చల్లారుతుంటే కొంచెం తీసి వేడిది కలుపుతూ ఉంటారు. గోడకు చిన్న చీలిక వచ్చినా నూనె పక్కటెముకల మీదుగా కారిపోతుంది కాబట్టి, పక్కనున్న మనిషి తడి వేలితో పిండిని సర్దుతూనే ఉండాలి. అదే పని మోకాలి మీద చేస్తే జానుబస్తి. అరికాళ్లకు నూనె పట్టించడం గురించి చరకుడు రోజువారీ అలవాట్ల అధ్యాయంలోనే రాశాడు. పాదాల బిరుసు, అలసట, తిమ్మిరి, పగుళ్లు పోతాయనీ, గృధ్రసి దరి చేరదనీ ఆయన మాట. ఇవాళ మనం సయాటికా అంటున్నది దాదాపు ఆ గృధ్రసినే.

ఈ మూడింటికీ ముందు నుంచీ నాలుగోది ఇంట్లోనే ఉంది. దానికి బోర్డు లేదు. పీట మీద కాళ్లు చాపుకుని, మనవణ్ణి ముంగాళ్ల మీద వేసుకుని, నూనె రాసి సున్నిపిండితో నలిచే అమ్మమ్మ చేతులు. పొలం నుంచి వచ్చి బోర్లా పడుకున్న తాత పిక్కల మీద గోడ పట్టుకుని తొక్కే పిల్లల పాదాలు. బాలింతలకు నూనె రాసి వేడినీళ్లు పోసిన మంత్రసానులు, ఊళ్లో బెణుకులు సరిచేసిన నాయీబ్రాహ్మణులు, పాతబస్తీ తాలీముల్లో కుస్తీ పట్టి ఆనక మాలిష్‌లో చేయి తిరిగిన పహిల్వాన్లు. వీళ్లెవరూ అనాటమీ చదవలేదు. కండ ఎటు పోతుందో వేళ్లకు తెలుసు. ఆ తెలివిని చులకన చేసే ఉద్దేశం ఈ వ్యాసానికి లేదు. అయితే వేళ్లకు తెలియనిది కూడా ఒకటుంది. అది కాసేపట్లో.

వేలు ఎక్కడ పెడతారు?

‘తుంటి నొప్పి’ అంటూ వచ్చిన మనిషిని మంచి ఫిజియోథెరపిస్టు అడిగే మొదటి ప్రశ్న ఎన్నాళ్ల నుంచి అని కాదు.

“ఎక్కడ నొప్పో ఒక్క వేలితో చూపించండమ్మా.”

“గిక్కడ బిడ్డా... గీ పక్కకే. ఎడమకు తిరిగి పండుకుంటే సూదులు గుచ్చినట్టే.”

ఆ ఒక్క వేలు సగం రోగనిర్ధారణ. వేలు వెనక పిరుదు మీద పడితే అనుమానం ముందు వెన్ను మీదికి, ఆ తర్వాత పిరుదు లోతుల్లోని పిరిఫార్మిస్ అనే చిన్న కండరం మీదికి పోతుంది. కాళ్లకు వెళ్లే పెద్ద నరం దాని కిందుగా వెళ్తుంది. వేలు పక్కన, ప్యాంటు జేబు కింద ఎముక తగిలే చోట పడితే అది తరచుగా పిరుదు కండరాల స్నాయువు నొప్పి. వేలు ముందుకొచ్చి గజ్జల్లో పడితే మాత్రం జాగ్రత్త. అసలు తుంటి కీలు ఉన్నది అక్కడ. నేల మీద బాసింపట్టు వేసుకోలేకపోవడం, చెప్పు తొడుక్కోవడానికి కాలు మడవలేకపోవడం, కొంచెం కుంటడం కూడా తోడైతే మర్దన బల్ల ఎక్కే ముందు ఎక్స్‌రే తీయించుకోవాలి. తుంటి బంతికి రక్తం అందక ఎముక చచ్చిపోయే జబ్బు, డాక్టర్లు ఏవీఎన్ అనేది, ముప్పై నలభై ఏళ్ల వాళ్లకే వస్తుంది. మోతాదు మించిన స్టెరాయిడ్లు, మద్యం దానికి పేరున్న కారణాలు. కరోనాలో స్టెరాయిడ్లు వాడినవాళ్లలో కొందరికి తర్వాత అది బయటపడింది. తొలి దశలో ఎక్స్‌రేకి కూడా చిక్కదు, ఎంఆర్‌ఐ కావాలి. ఆ తుంటిని ఆరు నెలలు నూనె పోసి పిసికితే నొప్పి కాస్త అణగొచ్చు. ఈలోపు బంతి కుంగిపోతుంది.

పక్క తుంటి నొప్పి కథ వేరు. నడివయసు దాటిన ఆడవాళ్లకు ఎక్కువ. చాలాకాలం దాన్ని నీటితిత్తి వాపు అనుకుని ఇంజెక్షన్లు పొడిచారు. 2018లో ఆస్ట్రేలియా పరిశోధకులు ఇలాంటి 204 మందిని మూడు జట్లుగా చేశారు. ఒక జట్టుకు ఎలా నిలబడాలి, ఎలా పడుకోవాలో చెప్పి వ్యాయామం చేయించారు. ఒక జట్టుకు స్టెరాయిడ్ ఇంజెక్షన్ ఇచ్చారు. మూడో జట్టును ‘చూద్దాం’ అని వదిలేశారు. ఎనిమిది వారాలకు బాగుందన్నవాళ్లు మొదటి జట్టులో నూటికి 77, రెండో జట్టులో 58, మూడో జట్టులో 29. ఆ మొదటి జట్టుకు చెప్పిన జాగ్రత్తలు మన ఇళ్లకు అతికినట్టు సరిపోతాయి. ఒంటి కాలి మీద బరువేసి తుంటి పక్కకు ఒరిగేలా నిలబడొద్దు. కాలు మీద కాలేసుకుని కూర్చోవద్దు. పక్కకు తిరిగి పడుకుంటే మోకాళ్ల మధ్య దిండు పెట్టుకోండి. చంటిపిల్లను గంటల తరబడి ఒకే చంకన మోసే తల్లుల తుంటి ఎలా ఒరిగి ఉంటుందో గుర్తు తెచ్చుకోండి. మనవల్ని మోసే అమ్మమ్మలూ అంతే.

నొప్పి ఉన్నచోట మోచేయి పెట్టి కసిగా నలిపితే ఈ స్నాయువు ఇంకా రేగుతుంది. చేయి పెట్టాల్సింది దాని పైన, పిరుదు కండ మీద. అదీ నెమ్మదిగా.

చేయి కింద జరిగేది

ఇప్పుడు ఒక పిక్కను చూద్దాం. రోజంతా నిలబడ్డ పిక్క.

మనిషిని బోర్లా పడుకోబెట్టి చీలమండ కింద చుట్టిన తువ్వాలు పెడతారు. అరచేయి మొత్తంగా చీలమండ నుంచి పైకి, చర్మం మీద నూనె జారేంత ఒత్తిడితో రెండు మూడుసార్లు పోతుంది. మోకాలి వెనక గుంట రాగానే చేయి తేలికవుతుంది. రక్తనాళమూ నరమూ అక్కడ పైపైనే ఉంటాయి. మళ్లీ కిందికి వచ్చి, ఈసారి రెండు బొటనవేళ్లు పిక్క కండ రెండు పాయల నడుమ గాడిలో దిగుతాయి. కొంచెం కొంచెంగా పైకి జరుగుతాయి. ఒకచోట ఆగుతాయి. పడుకున్నావిడ తల ఎత్తుతుంది.

“అబ్బా!”

“పదికి ఎంతమ్మా నొప్పి?”

“ఏడు... ఎనిమిది అనుకోండి.”

వేలు కదలదు. ఒత్తిడి పెరగదు, తగ్గదు. ఊపిరి మెల్లగా వదలమంటారు. అర నిమిషం పోతుంది, ఇంకాస్త పోతుంది.

“ఇప్పుడు?”

“నాలుగు. మీరు తగ్గించారు కదా.”

తగ్గించలేదు. అదే వేలు, అదే ఒత్తిడి. మారింది ఆవిడ నాడీవ్యవస్థ.

సూత్రమంతా అందులోనే ఉంది. దెబ్బ తగిలినచోట చేత్తో రుద్దుకుంటే ఎందుకు ఉపశమనమో 1965లో రొనాల్డ్ మెల్జాక్, ప్యాట్రిక్ వాల్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు ఒక సిద్ధాంతం చెప్పారు. స్పర్శ వార్త, నొప్పి వార్త వెన్నుపాములో ఒకే ద్వారం దగ్గర కలుస్తాయి. స్పర్శ ముందు దూరితే నొప్పికి దారి ఇరుకవుతుంది. సిద్ధాంతంలో వివరాలు తర్వాత మారాయి, మూలం నిలిచింది. చర్మంలో ఇంకో రకం సన్నటి నరపు పోగులున్నాయి. సెకనుకు ఒకటి నుంచి పది సెంటీమీటర్ల వేగంతో మెత్తగా నిమిరితే అవి బాగా స్పందిస్తాయని ప్రయోగాల్లో తేలింది. జ్వరం వచ్చిన పిల్లాడి కాళ్లు నిమిరే తల్లి చేతి వేగం ఇంచుమించు అదే. ఎవరూ స్టాప్‌వాచ్ పెట్టి నేర్పలేదు.

మరి ‘ముడి విప్పడం’? పిక్కలోనో పిరుదులోనో వేలికి తగిలే గట్టి బిందువులను ట్రిగ్గర్ పాయింట్లు అంటారు. ఆ మాటకు ప్రచారం తెచ్చినావిడ జానెట్ ట్రావెల్. అమెరికా అధ్యక్షుడు కెనడీ నడుం నొప్పికి వైద్యం చేసి, శ్వేతసౌధపు వైద్యురాలైంది. 1983లో డేవిడ్ సైమన్స్‌తో కలిసి ఆవిడ రాసిన గ్రంథం ఇప్పటికీ ఫిజియోథెరపిస్టుల అరల్లో ఉంటుంది. అయితే ఆ బిందువులు ఏమిటన్న దాని మీద పండితుల తగవు తెగలేదు. నొక్కితే నొప్పి తగ్గుతుందన్నది అందరూ ఒప్పుకుంటారు. ముడి కరిగిందా అంటే కొందరు నవ్వుతారు.

‘పొర సాగదీస్తాం’ అనేవాళ్లకు ఇంకో లెక్క ఉంది. అరికాలి పట్టీని, తొడ బయటివైపు పట్టీని చేత్తో ఎంత నొక్కితే రూపం మారుతుందో 2008లో అమెరికాలో గణిత నమూనాతో అంచనా వేశారు. ఒక్క శాతం కుదించాలంటేనే 850 కిలోలకు పైగా బరువు కావాలని తేలింది. అమీర్‌పేటలో ఎంత బలమైన మోచేయి ఉన్న మనిషైనా అంత వేయలేడు. వేస్తే మిగిలేది కాలు కాదు, పోలీసు కేసు.

‘విషాలు’ కూడా అంతే. 2012లో కెనడాలో 11 మంది యువకుల చేత అలసిపోయేదాకా సైకిల్ తొక్కించి, ఒక తొడకు పది నిమిషాలు మర్దన చేసి, రెండు తొడల నుంచీ చిటికెడు కండ తీసి పరీక్షించారు. లాక్టిక్ ఆమ్లం రెండు తొడల్లోనూ ఒకటే. మర్దన దాన్ని తరిమిందీ లేదు, పిండిందీ లేదు. కానీ మర్దన అందుకున్న తొడలో వాపు పుట్టించే సంకేతాలు తగ్గాయి. అంటే చేయి ఉత్తినే పోలేదు. మనం చెప్పుకుంటున్న కారణమే తప్పు.

బామ్‌ల సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. తెలుగువాడికి నొప్పి అనగానే చేతికి తగిలేది పసుపు రంగు సీసా. కాశీనాథుని నాగేశ్వరరావు పంతులు 1893లో బొంబాయిలో అమృతాంజనం మొదలుపెట్టారు. ఆ లాభాల అండతోనే ఆంధ్రపత్రిక నడిచింది, ఉద్యమానికి డబ్బందింది. అంటే మన జాతీయోద్యమంలో కొంత భాగం తెలుగువాళ్ల తలనొప్పుల మీద సాగింది. ఆ సీసాలో పనిచేసేది చల్లటి మంట. మెంథాల్, కర్పూరం లాంటివి చర్మంలోని చలి, వేడి గ్రాహకాలను తట్టి లేపుతాయి. ఆ సందడిలో లోపలి నొప్పి వెనకబడుతుంది. రాసే చేయి చేసే పని కూడా అదే కాబట్టి రెండూ కలిస్తే ఇంకా హాయి.

ఇంతకీ మర్దన ఉపశమనం గంటలు ఉంటుంది, మహా అయితే కొద్ది రోజులు. దాన్నే చికిత్స అనుకునేవాళ్లు పది సిట్టింగులు అయ్యాక పదకొండోదానికి వస్తారు. తెలిసినవాళ్లు ఆ కాసేపట్లోనే కాలితో పని చేయిస్తారు. నొప్పి పక్కకు జరిగిన అరగంటలో మడమలెత్తించి, గోడకు ఆనించి కూర్చోబెట్టి లేపించి, రేపటికి ఇంటిపని ఇచ్చి పంపుతారు. ఈ రెండో సగం లేని మర్దనకు నేనైతే వైద్యమన్న పేరు ఇవ్వను. హాయి అంటాను. హాయి కోసం వెళ్లడంలో తప్పేమీ లేదు, హాయి ధరే ఇవ్వండి.

పొద్దుటి మొదటి అడుగు

మంచం దిగి మొదటి అడుగు వేయగానే మడమలో మేకు దిగినట్టు ఉండటం, నాలుగడుగులు వేశాక తగ్గడం, మధ్యాహ్నం కూర్చుని లేస్తే మళ్లీ రావడం. ఈ వరస చెబితే వైద్యుడు సగం వినకుండానే పేరు చెప్పేస్తాడు. మడమ ఎముక లోపలి అంచు నుంచి వేళ్ల మొదళ్ల దాకా అరికాలి కింద ఒక పట్టీ ఉంటుంది, ప్లాంటార్ ఫేషియా. కాలి బొటనవేలును వెనక్కి వంచి చూడండి, అరికాలి లోపలి అంచున అది వీణ తీగలా బిగుసుకుని వేలికి తగులుతుంది. దాన్ని వెనక్కి తడుముకుంటూ పోతే మడమ దగ్గర ఒకచోట ప్రాణం లేచొస్తుంది. నొప్పి చిరునామా అదే.

ఎక్స్‌రే తీస్తే ఎముక పెరిగినట్టు చిన్న కొక్కెం కనిపించొచ్చు. దాన్ని చూసి బెంగపడేవాళ్లే ఎక్కువ. నొప్పే లేనివాళ్ల మడమల్లోనూ అది బోలెడంత మందికి ఉంటుంది. దాన్ని అరగదీస్తామన్న మాట ఎవరైనా చెబితే డబ్బు జేబులోనే ఉంచుకోండి.

మన ఇళ్లలో దీనికి ఒక అదనపు హంగు ఉంది. ఒకప్పటి మట్టి అరుగులు, పేడ అలికిన నేలలు పోయి టైల్స్, గ్రానైట్ వచ్చాయి. చెప్పులు మాత్రం ఇప్పటికీ గుమ్మం బయటే. వంటగదిలో గంటల తరబడి వట్టి కాళ్లతో గట్టి నేల మీద నిలబడేవాళ్లకు మడమ నొప్పి రాకపోతేనే వింత. ‘ఇంట్లో మెత్తటి చెప్పులేసుకోండి’ అని డాక్టరు రాసిచ్చిన చీటీ ఎన్ని ఇళ్లలో అత్తాకోడళ్ల మధ్య మాటకు మాట తెచ్చిందో! రాజీ మార్గం ఏమిటంటే బయట నేల తాకని చెప్పుల జత ఒకటి ఇంటికే కొనుక్కోవడం. పూజగదిలోకి మాత్రం వద్దు, అంతే.

ఇందులో మర్దన పాత్ర బాగానే ఉంది, కానీ అరికాలి మీద కన్నా పిక్క మీద ఎక్కువ. 2011లో వచ్చిన ఒక పరిశోధనలో 60 మంది మడమ నొప్పి రోగుల్ని తీసుకున్నారు. పిక్క సాగదీసే వ్యాయామం ఒక్కటే చేసినవాళ్ల కన్నా, దానికి తోడు పిక్కలో నొప్పి బిందువులను చేత్తో నొక్కించుకున్నవాళ్లకు నెలలోనే మెరుగ్గా ఉంది. ఇంట్లో చేసుకోవాలంటే అప్పడాల కర్ర చాలు. కుర్చీలో కూర్చుని పిక్క మీద పైకీ కిందికీ దొర్లించడమే, ఎముక మీద కాకుండా.

అసలు మందు మెట్ల దగ్గరుంది. డెన్మార్క్ పరిశోధకులు 2014లో చెప్పిన పద్ధతి ఇది. మెట్టు అంచున ముందరి పాదం మాత్రం ఆనించి నిలబడాలి. వేళ్ల కింద చుట్టిన తువ్వాలు పెట్టాలి, వేళ్లు పైకి లేచి ఉండేలా. రెయిలింగ్ పట్టుకుని మూడు సెకన్లలో మడమ పైకి, పైన రెండు సెకన్లు, మళ్లీ మూడు సెకన్లలో కిందికి. రోజు విడిచి రోజు. తేలికయ్యాక వీపున సంచీలో పుస్తకాలు వేసుకుని బరువు పెంచాలి. అమీర్‌పేటలో పుస్తకాలకు కరువా! మూడు నెలలు పడుతుంది. నాలుగో రోజున మానేసేవాళ్లకు ఇది పనిచేయదు.

పట్టకూడని కాలు

వేళ్లకు తెలియనిది ఒకటుందని అన్నాను. అది లోపలి సిరలో గడ్డకట్టిన రక్తం.

కొన్నేళ్ల కిందట ఢిల్లీలో 23 ఏళ్ల యువకుడికి ఆడుతుంటే చీలమండకు దెబ్బ తగిలింది, కట్టు కట్టారు. కట్టు విప్పాక కూడా కాలు నొప్పి, వాపు. ఇంట్లో తల్లి ప్రేమగా నూనె రాసి పిక్క పట్టింది. సిరలో ఉన్న గడ్డ కదిలి ఊపిరితిత్తుల నాళానికి అడ్డం పడింది. అబ్బాయి బతకలేదు. ఎయిమ్స్ వైద్యులు ఆ ఉదంతాన్ని వైద్య న్యాయ పత్రికలో ప్రచురించింది మిగతా తల్లులకు తెలియాలనే.

ఒక్క కాలే వాచి, వేడిగా, బిర్రుగా, రంగు మారి ఉంటే దాన్ని పట్టకూడదు. ఆపరేషనో, కట్టో, దూరప్రయాణమో, మంచం పట్టడమో ఈమధ్య జరిగి ఉంటే అసలే వద్దు. డాప్లర్ పరీక్షకు పంపాలి. ఇక్కడ బాలింతల మాట ప్రత్యేకంగా చెప్పాలి. కాన్పయ్యాక కొన్ని వారాలు రక్తం గడ్డకట్టే ముప్పు మామూలు కన్నా చాలా ఎక్కువ. సరిగ్గా ఆ వారాల్లోనే మనవాళ్లు నూనె రాసి గట్టిగా ఒళ్లు పడతారు. నూనె రాయడం మానక్కర్లేదు. ముందు రెండు పిక్కలూ పక్కపక్కన పెట్టి చూడండి. ఒకటి తేడాగా ఉంటే ఆ రోజు స్నానం కన్నా ఆసుపత్రి ముఖ్యం.

చక్కెర జబ్బు ఉన్న పాదం రెండోది. స్పర్శ తెలియని పాదానికి ‘గట్టిగా నొక్కమంటారా’ అని అడిగితే ఊ అంటుంది. వేడినీళ్ల సంచీ పెడితే కాలిందని తెల్లారాక గానీ తెలియదు. పది గ్రాముల ఒత్తిడికి వంగే నైలాన్ పోగుతో అరికాలి మీద తాకి చూసే పరీక్ష రెండు నిమిషాల పని. అది చేయకుండా ఫుట్ మెషీన్‌లో పాదాలు పెట్టించే చోట నుంచి మర్యాదగా లేచి రావచ్చు. ఉబ్బిన వంకర సిరలున్న పిక్కలను కూడా బలంగా పిసకనివ్వకండి.

ఇక బెణుకులు. తిరుపతి దగ్గరి పుత్తూరులో తరతరాలుగా ఎముకలు కట్టే కుటుంబాల పేరు మీద ఇవాళ ఊరూరా బోర్డులు. ఆకు పసరు, గుడ్డు సొన, వెదురు బద్దలతో ఆ కట్టు ఎంతో మందికి కుదిరిన మాట నిజం. కుదరనివాళ్లు ఆలస్యంగా సర్జన్ దగ్గరికి చేరిన మాటా నిజమే. చీలమండ మడత పడితే ఎక్స్‌రే కావాలా వద్దా తేల్చడానికి కెనడా వైద్యులు 1992లో పెట్టిన ఒట్టావా నియమాలు ఎవరైనా గుర్తుపెట్టుకోవచ్చు. దెబ్బ తగిలాక నాలుగడుగులు వేయలేకపోయినా, చీలమండ బుడిపెల వెనక అంచున ఎముక మీద నొక్కితే నొప్పి ఉన్నా ఎక్స్‌రే తప్పదు. ఆ తర్వాత ఎవరి దగ్గర కట్టు కట్టించుకుంటారో మీ ఇష్టం.

ఎవరి చేతికి కాలు ఇస్తున్నారో తెలుసుకోవడానికీ ఇప్పుడు దారి ఉంది. ఫిజియోథెరపీని 2021లో పార్లమెంటు చేసిన అనుబంధ ఆరోగ్య వృత్తుల చట్టం కిందికి తెచ్చారు. గోడ మీద బీపీటీ పట్టా ఉందా, ప్రకృతి వైద్యులైతే బీఎన్‌వైఎస్, ఆయుర్వేదమైతే బీఏఎంఎస్ ఉందా చూడటం అనుమానం కిందికి రాదు. స్పాల మీద పోలీసు దాడుల వార్తలు చదివి మసాజ్ అనగానే మొహం చిట్లించుకునేవాళ్లు ఈ ఊళ్లో చాలామంది. పట్టా చూసి వెళ్తే ఆ మొహమాటం ఉండదు.

కౌంటర్ వెనక స్టూలు

మొదట చెప్పిన ఆడపిల్లల దగ్గరికి వద్దాం. మధురానగర్ మెట్రో స్టేషన్‌ను మొదట్లో ‘తరుణి’ అన్నారు, ఆడవాళ్ల సౌకర్యం కోసం ప్రత్యేకంగా అనుకున్న స్టేషన్. అందులోంచి దిగే తరుణుల్లో చాలామంది పని చేసేది నిలబడే ఉద్యోగాల్లో. కదలకుండా నిలబడితే పిక్క కండ ముడుచుకోదు, ముడుచుకోకపోతే రక్తం పైకి ఎక్కదు. సాయంత్రానికి పాదం వాస్తుంది, చెప్పు బిగుతవుతుంది. ఏళ్ల తరబడి అదే సాగితే సిరలు ఉబ్బుతాయి. ఫిజియోథెరపిస్టు చీటీ మీద రాస్తుంది, గంటకోసారి పది నిమిషాలు కూర్చోవాలని. ‘సార్ ఊరుకోడు మేడమ్’ అని ఆ పిల్ల అంటుంది. ఆ మాటకు ఏ తైలమూ పనిచేయదు.

ఫ్యాక్టరీలో నిలబడి పనిచేసేవాళ్లకు కూర్చునే ఏర్పాటు ఉండాలని 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం 44వ సెక్షన్‌లోనే రాశారు. దుకాణం ఫ్యాక్టరీ కాదు కదా! కేరళలో విజి అనే దర్జీ పనిచేసే ఆవిడ కోజికోడ్‌లో పెన్‌కూట్టు పేరుతో సేల్స్‌గర్ల్స్‌ను కూడగట్టి, కూర్చునే హక్కు కావాలని ఏళ్ల తరబడి పోరాడింది. 2018లో కేరళ తన దుకాణాల చట్టాన్ని సవరించింది. ఆ ఏడాది బీబీసీ వంద మంది మహిళల జాబితాలో విజి పేరుంది. 2021లో తమిళనాడు కూడా దుకాణాల చట్టంలో కొత్త సెక్షన్ చేర్చి, ఉద్యోగులందరికీ కుర్చీ ఉండాలనీ, పని మధ్యలో వీలు దొరికినప్పుడు కూర్చోనివ్వాలనీ రాసింది. దీపావళి రద్దీలో చెన్నై టి.నగర్ బట్టల దుకాణాలు ఎలా ఉంటాయో తెలిసినవాళ్లకు ఆ సవరణ విలువ తెలుస్తుంది.

పండగకు అమీర్‌పేటలో చీర కొనేటప్పుడు కౌంటర్ అవతలికి ఒకసారి వంగి చూడండి. స్టూలు ఉందో లేదో. ఉంటే దాని మీద మనిషి కూర్చుంటుందో, చీరల మూటలు కూర్చుంటున్నాయో. లేకపోతే మేనేజరును అడగండి. చీర మడత విప్పించుకుంటూ అడిగిన మాటకు మందుల చీటీ కన్నా కాస్త ఎక్కువ చెల్లుబాటు ఉంటుంది.